ఎవరి మీద అనుమానం రాదో

ఆ ఊళ్లో ఊరికే మొగులయ్య అని అడిగితే "ఏ మొగులయ్య?" అంటారు. వీడియో మొగులయ్య అంటే మాత్రం పసిపిల్ల కూడా వేలు పట్టుకుని తీసుకెళ్లి ఇంటిముందు నిలబెడుతుంది. గుమ్మడిదల దగ్గరి ఆ ఊరికి, ఎనభైలు ముగుస్తున్న రోజుల్లో, దయ్యాన్ని మొదటిసారి రంగుల్లో చూపించిన మనిషి ఆయన. అంతకుముందు ఊళ్లో దయ్యాలు లేవని కాదు. ఉన్నాయి, కానీ పద్ధతీ పాడూ లేని దయ్యాలు. ఎప్పుడో ఒకడికి పొలం గట్టున కనిపించి, వాడికి జ్వరం తెప్పించి ఊరుకునేవి. ఎందుకొచ్చాయని వాటిని అడిగినవాడు లేడు. మొగులయ్య వచ్చి వాటికి క్రమశిక్షణ నేర్పాడు.

ఆయనదేం సినిమా పుట్టుక కాదు. రెండెకరాల రైతు కొడుకు. బొల్లారంలో మందుల కంపెనీలు లేస్తున్నప్పుడు ఊరి కుర్రకారుతో పాటు తనూ షిఫ్టు బస్సెక్కాడు. పౌడరు డ్రమ్ములు మోసి మోసి ఛాతీ నిండా దగ్గు తెచ్చుకుని, ముప్పై నిండకుండానే ఇంట్లో పడ్డాడు. దగ్గే మనిషికి పిల్లనెవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. ఆయనకు ఉన్నదల్లా అక్క కౌసల్యమ్మ. తల్లి లేని ఇంట్లో మొగులయ్యను చంకనేసుకుని పెంచింది ఆమే. పెళ్లై సదాశివపేట వైపు వెళ్లింది, పిల్లలు కలగకముందే భర్త పోయాడు, తిరిగొచ్చి తమ్ముడి ఇంటి పక్క గదిలో రెండు బర్రెలు పెట్టుకుని బతుకుతోంది. ఊళ్లో ఆమె చెయ్యి పడని ఇల్లు లేదు. బాలింతకు నీళ్లు పోయాలన్నా, పసివాడికి దిష్టి తీయాలన్నా, ఎవరింట్లోనో పొయ్యి వెలగలేదంటే ఇంత జొన్న గట్క పట్టుకెళ్లాలన్నా కౌసల్యమ్మే. గింజలు తినే కోడిని కూడా గట్టిగా అదిలించని మనిషి.

కంపెనీవాళ్లు వదిలించుకుంటూ చేతిలో పెట్టిన దానితో మొగులయ్య ఒక కలర్ టీవీ, క్యాసెట్లు ఆడించే ఒక వీసీపీ కొన్నాడు. పాత కొట్టానికి చుట్టూ గోనెసంచులు కట్టి పట్టపగలే చీకటి చేశాడు. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఒక నిద్ర తీసి లేచే వేళకు ఆట మొదలు. క్యాసెట్లు పటాన్‌చెరు నుంచి కిరాయికి తెచ్చేవాడు. కొత్త సినిమాలకు అక్కడే గిరాకీ, ఇంత దూరం రావు. ఎవరికీ అక్కర్లేక మూలన పడివుండేవి దయ్యం సినిమాలు. హిందీవి, అరవంవి, ఇంగ్లీషువి. మాటలు అర్థం కాని జనం ఎంతసేపు కూర్చుంటారు? అందుకని మొగులయ్య టీవీ పక్కన కట్టె పట్టుకుని నిలబడి కథ చెప్పేవాడు. హిందీ సగం వచ్చు. అరవం, ఇంగ్లీషు బొత్తిగా రావు. రాకపోతేనేం, దయ్యానికి భాష ఏంటండీ! గజ్జెల చప్పుడు ఏ భాషలోనైనా గజ్జెల చప్పుడే.

కొన్నాళ్లకే ఆయనకు ఆ సినిమాల గుట్టు చిక్కింది. అన్నీ కలిపి నాలుగైదు కుటుంబాలవే, పేర్లు మార్చుకుని తిరుగుతున్నాయంతే. జంటలో ఒకదాన్ని చంపితే రెండోది ఆడమనిషి రూపంలో వచ్చి పగ తీర్చుకునే పాము సినిమా. పాడుబడ్డ హవేలీలో వెనకటి దొర చేసిన పాపానికి ఇప్పటి కొత్త జంట చచ్చే సినిమా. నిమ్మకాయలు, పుర్రె పట్టుకున్న మంత్రగాడి సినిమా, అందులో ముందు పశువులు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత కొత్తకోడలు. ముసుగేసుకున్నవాడు ఎందుకు చంపుతున్నాడో చెప్పకుండా ఒక్కొక్కరినే నరికే ఇంగ్లీషు సినిమా, అందులో ఈతకు దిగిన జంటకు ముందు మూడుతుంది. మంచి పిల్ల ఒంట్లో చెడ్డది దూరి మగగొంతుతో అరిచే సినిమా. ఇక ఉత్తుత్తి దయ్యం సినిమా మరో రకం. తెల్లచీర, తనంతట తాను కదిలే దీపం, అన్నీ ఉంటాయి, చివరికి చూస్తే నేలమాళిగలో దొంగనోట్లు అచ్చవుతుంటాయి. ఏ రకమైనా ఒక కోటు మనిషి ఉంటాడు, డాక్టరో ఇంజినీరో. దయ్యాలు లేవంటాడు, ఇంటర్వెల్ లోపల పోతాడు.

ఇవన్నీ మొగులయ్య కొట్టంలోనే కట్టె ఆడిస్తూ జనానికి నూరిపోశాడు. వాటన్నిటి మీదా ఒక సూత్రం చెప్పేవాడు. కథ చిక్కబడిందన్న చోట క్యాసెట్ ఆపి, బల్బు వేసి, "చెప్పుండ్రి, ఎవరు చేస్తున్నరు గిదంత?" అని అడిగేవాడు. జనం గడ్డం మనిషి అనేవారు, మెల్లకన్ను పనిమనిషి అనేవారు. మొగులయ్య అందరినీ చెప్పనిచ్చి, తీరుబడిగా బీడీ ఆర్పి అనేవాడు: "ఎవరి మీద అనుమానం రాదో, వాళ్లే." మళ్లీ క్యాసెట్ తిరిగేది. పాలగ్లాసు తెచ్చి ఇచ్చే మేనత్తో, నోట్లో నాలుక లేని తోటమాలో బయటపడేవారు. కొట్టం చప్పట్లతో మోగేది. ముందు వరసలో చెక్కపీట మీద కూర్చున్న కౌసల్యమ్మ మాత్రం ముఖం మీద కొంగు కప్పుకునే ఉండేది. భయం ఎక్కువ, అయినా ఒక్క ఆట తప్పించేది కాదు. తమ్ముడు అంతమంది ముందు మాట్లాడుతుంటే చూడ్డం ఆమెకు సంబరం.

సినిమా సూత్రం సినిమాలో ఉంటే ఏ గొడవా లేకపోవును. ఒకసారి సర్పంచ్ ఇంటిముందు కొత్త నాగలి పోయింది. ఊరి దొంగలిద్దరిని కొట్టినా దొరకలేదు. ఎవడో తమాషాకు, వీడియో మొగులయ్య లెక్కన చూద్దాం అన్నాడు. ఊళ్లో అనుమానం రానివాడెవడు? భజన పెద్ద. ఆయన గడ్డివాములో చెయ్యి పెడితే నాగలి కొన తగిలింది! ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. మొగులయ్య కూడా నవ్వాడు, కాలరెత్తుకుని మరీ తిరిగాడు. ఆ రోజు నుంచి ఆయన మాట శాసనమైంది. కోడి పోయినా, కొడవలి పోయినా అదే లెక్క. తగిలినప్పుడు చెప్పుకున్నారు, తగలనప్పుడు మర్చిపోయారు. లోకం తీరే అంత.

అప్పటికే ఊరికి ఎగువన ఒక కొత్త కంపెనీ లేచింది. పేరెందుకులెండి, పేర్లు మారుతుంటాయి, వాగులోకి పెట్టిన గొట్టం మాత్రం అదే. వానాకాలం వస్తే చాలు, వాగు రంగు మారేది. ఒకనాడు ఎర్రగా, ఒకనాడు పసుపుగా, పైన మూరెడు నురగ. నీళ్లు తాగిన బర్రెలు నోట నురుగు కక్కి పడిపోయేవి. వాగులో ఆడిన పిల్లలకు ఒళ్లంతా దద్దుర్లు. సాయంత్రమైతే కుళ్లిన గుడ్ల కంపు. ఊరివాళ్లు కంపెనీ గేటుకు వెళ్లారు, వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. సంగారెడ్డి ఆఫీసుల చుట్టూ తిరిగారు. జీపులో ఎవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు. ఆ సీసాలేమయ్యాయో ఆ భగవంతుడికే తెలియాలి. గట్టిగా అడుగుదామంటే ఇంటికొకడు ఆ కంపెనీలోనే పని చేస్తున్నాడు. అడిగినవాడి తమ్ముడికి మర్నాడు గేటు దగ్గర పని లేదనేవారు. అడగలేరు, ఊరుకోలేరు. కళ్లముందు పశువు కొట్టుకుని చస్తుంటే రైతు ఎంతకాలమని చేతులు కట్టుకుంటాడు? ఎవరో ఒకరు కావాలి. చేతికి అందేవాళ్లు కావాలి.

ఆ ఏడు పెద్దరాములు పాడిబర్రె చచ్చింది. పెద్దరాములు ఊళ్లో పదెకరాల ఆసామి, నలుగురు వినే మనిషి. బర్రె పోయిన నెలలోనే ఆయన మనవడికి ఒళ్లంతా పొక్కింది. ఆ వెనకే నీళ్లకెళ్లిన కోడలు బావి దగ్గర కళ్లు తిరిగి పడింది, కడుపు పోయింది. పశువు, పిల్లవాడు, కొత్తకోడలు. కొట్టంలో కూర్చున్నవాళ్లకు ఇక ఒకరు చెప్పాలా? బాణామతి అన్నారు. చేతబడికి ఆ పక్క పేరు అది. చేసినవాళ్ల ముందరి పళ్లు ఊడబెరికితే మంత్రం నోట సరిగా పలకదని, పలకని మంత్రం పారదని అక్కడి నమ్మకం. ఆ పేరుతో ఎన్ని నోళ్లు నెత్తురు కక్కాయో చెప్పుకుంటే సిగ్గుచేటు.

చావడి దగ్గర ముందు అంజన్న పేరు వచ్చింది. అంజన్న ఊరి చివర ఉండే తాగుబోతు. తనకు మంత్రాలొచ్చని, ఎవరినైనా మాడ్చేస్తానని కల్లు కాంపౌండు దగ్గర రోజూ అరిచే మనిషి. మామూలుగా అయితే వాడి ప్రాణానికే వచ్చేది. కానీ పెద్దరాములు తల అడ్డంగా ఊపాడు. వీడి మీద అందరికీ అనుమానమే కదా, అందుకే వీడు కాడు, అన్నాడు. అంజన్న బతికిపోయాడు. మరి ఎవరి మీద అనుమానం రాదు? ఊరు తల గోక్కుంది. ప్రతి ఇంట్లో చెయ్యి పెట్టే మనిషి, బాలింతలను, పసిబిడ్డలను తాకే మనిషి, ఒకరిని ఒక మాట అనని మనిషి ఎవరు? పైగా ఎవరి బర్రెలు చావలేదు? కౌసల్యమ్మ బర్రెలు చావలేదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, వాగు దాకా నడవలేదు, బోరింగు కొట్టి ఇంటి దగ్గరే కుడితి పెట్టేది. మోకాళ్ల నొప్పులే ఆమె కొంప ముంచాయి.

సంగతి చెవిన పడ్డప్పుడు మొగులయ్య నవ్వాడు. రెండోసారి విన్నప్పుడు నవ్వలేదు. పెద్దరాములు ఇంటికి పరుగెత్తి బోరింగు సంగతి చెప్పాడు, మోకాళ్ల సంగతి చెప్పాడు, వాగు నీళ్లు మీరు తాగి చూడండని కూడా అన్నాడు. గోడకు చెప్పుకున్నట్టే అయింది. మా అక్క దేవతలాంటిదని ఏడ్చాడు. దేవతలాంటిదని ఎంత చెబితే అంత ముడి బిగిసిందని ఆయనకు తర్వాతగానీ తట్టలేదు. మంచిదంటే అనుమానం రానిది. అనుమానం రానిదంటే చేసింది. ఇటు లాగినా అటు లాగినా ఉరే.

బొల్లారంలో పాత కంపెనీలో చలపతిరావు అనే కెమిస్టు ఉండేవాడు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మొగులయ్య దగ్గును చూసి జాలిపడ్డ ఒకే ఒక ఆఫీసరు. మొగులయ్య వెళ్లి కాళ్లావేళ్లా పడితే స్కూటరు మీద ఊరికొచ్చాడు. వాగు నీళ్లలో ఒక కాగితం ముంచి చూపించాడు, రంగు మారింది. ఇది యాసిడయ్యా, దయ్యాలూ లేవు, భూతాలూ లేవు అని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మాట ఆయన నోట రాగానే జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొగులయ్యకు తన సినిమాలు గుర్తొచ్చాయి. కోటు లేదన్న మాటే గానీ, వచ్చినవాడు అచ్చం ఆ మనిషే. తిరుగుదారిలో కంకర మీద చలపతిరావు స్కూటరు జారి కాలు విరిగింది. ఆ రోడ్డు మీద వారానికొకరి కాలు విరుగుతుంది, అది వేరే సంగతి. ఇంటర్వెల్‌కు ముందే పోయాడురా అని ఊరు గుసగుసలాడింది. పాపం ఆయన మళ్లీ ఆ ఊరి పేరెత్తలేదు.

మొగులయ్య ఠాణాకు కూడా వెళ్లాడు. ఏమైనా జరిగితే రా అన్నారు. జరగకుండా ఉండాలనే కదా వచ్చిందంటే, జరగనిదాని మీద కేసెట్లా రాస్తామని కసిరారు. నిజమే, వాళ్ల న్యాయం వాళ్లది.

అప్పుడు ఆయనకొక ఆలోచన వచ్చింది. ఊరికి తన మాట ఎక్కకపోయినా తన సినిమా ఎక్కుతుంది. ఉత్తుత్తి దయ్యం సినిమా ఒకటి వేస్తే? బంగళా చుట్టూ జనాన్ని బెదరగొట్టేది దయ్యం కాదని, లోపల నడిచే దొంగ ఫ్యాక్టరీ అని కళ్లారా చూస్తే, ఎగువన కంపెనీ గొట్టం గుర్తురాదా? పటాన్‌చెరు వెళ్లి వెతికి వెతికి పాత హిందీ క్యాసెట్ తెచ్చాడు. టిక్కెట్టు లేదన్నాడు. ఊరంతా వచ్చింది, పెద్దరాములును ముందు వరసలో కూర్చోబెట్టాడు. కౌసల్యమ్మను మాత్రం రావద్దన్నాడు.

క్యాసెట్ ముందుగా తను చూసుకున్నాడు, ఒక్కచోటే చిక్కు. ఆ దొంగలను బంగళాలోకి రానిచ్చేది ఒక ముసలి ఆయా. హీరోకు అన్నం పెట్టి తల నిమిరే ఆయా. ఆ ముక్క చూపిస్తే ఇక చెప్పేదేముంది, కొరివితో తల గోక్కోవడమే. అందుకని మొగులయ్య ఆమె పట్టుబడే చోటికి రాగానే బటన్ నొక్కి క్యాసెట్ ముందుకు పరుగెత్తించాడు. తెర మీద గీతలు, గీతల వెనక ముసలిదాని తెల్లచీర గబగబా ఊగి మాయమైంది. తర్వాత ఫ్యాక్టరీ, పోలీసులు, శుభం. మొగులయ్య గొంతు పెంచి, చూసిండ్రా, దయ్యం లేదు గియ్యం లేదు, అంతా ఆ ఫ్యాక్టరీవాళ్ల పనే అని చెమటలు కక్కుతూ చెప్పాడు.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఇన్నేళ్లలో మొగులయ్య క్యాసెట్ పరుగెత్తించడం వాళ్లు చూసి ఎరుగరు. పాట కూడా వదలని మనిషి. పెద్దరాములు లేచి నిలబడి నెమ్మదిగా అడిగాడు.

"గా ముసల్దాన్ని ఎందుకు దాస్తివి మొగులయ్యా?"

మొగులయ్య క్యాసెట్ బయటికి తీసి చంకలో పెట్టుకున్నాడు. అదే సాక్ష్యమైపోయింది. తమ్ముడికి కూడా తెలుసన్నమాట అని ఊరు తీర్మానించుకుంది. అయ్యో, ఆ ముక్క అలాగే చూపించి ఉంటే ఎలా ఉండేదో! అప్పుడూ ఇంతే అయ్యేదేమో. కానీ ఆయన ఆ తర్వాత జన్మంతా ఆ బటన్ నొక్కిన బొటనవేలును చూసుకునేవాడు.

చావడిలో పెద్దమనుషులు కూర్చున్నారు. కోపంగా లేరు. కోపంగా ఉంటే మొగులయ్య కూడా కర్ర పట్టుకునేవాడేమో. పెద్దరాములు గొంతులో కన్నీళ్లే ఉన్నాయి.

"మాకు నీ అక్క మీద పగ లేదు. మా ఇంట్ల పోరగాండ్లందరు ఆమె చేతుల మీద పెరిగినోళ్లే. ముంగటి పండ్లు తీపిస్తే చాలు. ఊర్లెనే ఉండుమను, మేమే చూస్కుంటం."

"అన్నా, అది సినిమా," అన్నాడు మొగులయ్య. "జనం కూసోవాలని నేను చెప్పిన మాట. నా నోటితోని నేను చెప్పిన ఉత్త మాట."

"నువ్వు చెప్పింది ఒక్కపారి సుత తప్పు కాలే గదా," అన్నాడు పెద్దరాములు.

 మొగులయ్య దిద్దించిన అక్షరాలతోనే ఊరు తీర్పు రాసింది. మీరు తీయిస్తారా, మేం తీయాలా అని మాత్రం అడిగారు. మేం తీయాలా అన్నప్పుడు వాళ్లెవరూ మొగులయ్య కళ్లలోకి చూడలేదు.

కౌసల్యమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. బాలింతకు నీళ్లు పోయడానికి ఆమెను పిలవడం మానేశారు. ఆమె ఎదురైతే తల్లులు పిల్లల ముఖాలను కడుపుకేసి తిప్పుకున్నారు. మొగులయ్య ఇంటికొచ్చేసరికి ఆమె బర్రెల దగ్గర కూర్చుని ఉంది. ఏడవలేదు. తమ్ముణ్ని పక్కన కూర్చోమంది.

"తమ్మీ, ఒక్క మాట నిజం చెప్పు. గా ఒంట్లకు దూరే సినిమాలల్ల, దూరిన సంగతి ఆ పిల్లకు తెలుస్తదా?"

 తను చూపించిన క్యాసెట్లన్నీ మొగులయ్య కళ్లముందు గిర్రున తిరిగాయి. ఒక్కదాంట్లో, ఒకే ఒక్కదాంట్లో అయినా తెలిసిన పిల్ల ఉందా అని వెతికాడు. లేదు. పొద్దున లేచి తలదువ్వుకుని నవ్వుతూ తిరుగుతారు వాళ్లు. తెలుస్తది అక్కా, మంచిగ తెలుస్తది అని అబద్ధమాడాడు. ఆమె ముందు వరసలో కూర్చుని ఒక్క ఆట కూడా తప్పించని మనిషి. ఆయన మొహం చూసి తల ఊపింది.

"నాకు తెల్వకుండ నేనే చేస్తున్ననేమో. ఆ కోడలుకు కడుపుతోని ఉన్నప్పుడు నేనే తానం పోసిన. ఆ పోరనికి నేనే దిష్టి తీసిన. వాళ్లతోని వద్దు తమ్మీ, పండ్లు తీపియ్యనీకి నువ్వే తోల్కపో."

ఊరు నమ్మితే ఊరితో పోట్లాడవచ్చు. ఆమే నమ్మింది. ఇక మొగులయ్య ఎవరితో పోట్లాడాలి? వాగు నీళ్లని చెప్పాడు, యాసిడని చెప్పాడు, కాగితం రంగు మారిందని చెప్పాడు, ఆమె కాళ్లు పట్టుకున్నాడు. ఊరొదిలేద్దాం, పటాన్‌చెరులో కిరాయికి ఉందాం అన్నాడు. యాడికి పోయినా అది నాతోనే వస్తది గదా, అక్కడి పిల్లలు పిల్లలు కారా, అంది ఆమె. అదీ కౌసల్యమ్మ. తన నోటి కన్నా ముక్కూమొహం తెలియని పిల్లల గురించే బెంగ ఆమెకు.

సంగారెడ్డిలో పళ్ల డాక్టరు ఆమె నోరు చూసి, ఈ వయసులో ఇంత గట్టి పళ్లు తను చూడలేదన్నాడు. ఎందుకు తీయాలని అడిగాడు. మొగులయ్య చెప్పలేక చెప్పాడు. డాక్టరు మండిపడి, మనుషులా పశువులా మీరు, అని ఇద్దరినీ వెళ్లగొట్టాడు. మొగులయ్యకు ఆ తిట్లు అమృతంలా అనిపించాయి. పోదాం అక్కా, డాక్టరే వద్దన్నాడు అని బస్టాండు వైపు చెయ్యి పట్టి నడిపించాడు. దారిలో అంగడి. అంగట్లో గోనెపట్ట పరిచి, సీసా నిండా మనుషుల పళ్లు పెట్టుకుని పట్టకారుతో కూర్చున్నవాడొకడు. ఆమె ఆగిపోయింది. తమ్ముడి చెయ్యి విడిపించుకుని వాడి ముందు పీట మీద కూర్చుని, పైన రెండు, కింద రెండు అని వేలితో చూపించింది.

గట్టి పళ్లు ఊరికే రావు. మనిషి కదిలితే దవడ విరుగుతుంది, తల పట్టుకోవాలన్నాడు వాడు. చంకనేసుకుని పెంచిన అక్క తలను మొగులయ్య రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకోకపోతే ఇంకో మనిషిని పిలుస్తానన్నాడు వాడు, అందుకని పట్టుకున్నాడు. ఆమె ఒక్కసారి కూడా అరవలేదు. ఆయనే అరిచాడు. అంగడి జనం చుట్టూ మూగి, పళ్లు పీకేది ఎవరికని నవ్వారు.

ఊరు మళ్లీ మంచిదైపోయింది. అదీ చూడవలసిన విడ్డూరం. కౌసల్యమ్మ నమలలేదని పెద్దరాములు ఇంటి నుంచి జావ వచ్చేది, మెత్తటి అన్నం వచ్చేది, ఎవరో అరటిపళ్లు తెచ్చి చేతిలో పెట్టేవారు. పిల్లలు మళ్లీ ఆమె ఒళ్లోకి ఎక్కారు. ఆమె మాట తుస్సుమని గాలిపోయేది, పిల్లలు అది విని నవ్వితే ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మొగులయ్య దయ్యం క్యాసెట్లు తేవడం మానేశాడు. దేవుడి సినిమాలు వేస్తే జనం రాలేదు. చివరికి టీవీ, వీసీపీ ఎవరికో ఇచ్చేసి, ఇంద్రేశం వైపు కొత్త ప్లాట్లకు వాచ్‌మన్‌గా కుదిరి వస్తూ పోతూ ఉన్నాడు. ఎండాకాలమంతా వాగు ఎండి ఉంది. ఒక్క పశువు చావలేదు. చూశావా అన్నట్టు ఊరు మొగులయ్యను చూసేది.

మళ్లీ వానలు పడ్డాయి. ఎగువన గొట్టం వదిలారు. వాగు ఎర్రగా దిగింది. వాగు నీళ్లు తాగిన పెద్దరాములు తమ్ముడు చిన్నరాములు బర్రె నడిబజార్లో పడి, అందరూ చూస్తుండగా కాళ్లు తన్నుకుని చచ్చింది.

ఆ సాయంత్రం మొగులయ్య పని నుంచి వచ్చేసరికి కౌసల్యమ్మ గడపలో కూర్చుని ఉంది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా ఆమె ముందు కూలబడి, మళ్లీ మొదటినుంచి అన్నీ చెప్పాడు. నీళ్లక్కా, నీళ్లు, ఆ కంపెనీ నీళ్లు, నీకేం లేదు, నీలో ఎవరూ లేరు అన్నాడు. ఆమె ఓపికగా అంతా విన్నది, ఎప్పుడూ అలాగే వింటుంది. విని, నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది.

"ఇంక పోలేదా తమ్మీ? ఎనక పండ్లు సుత తీపియ్యాల్నా?"